దగ్గు రాలేదు

4, మంగళవారం

నేను మాటలు నేర్పే పంతులమ్మను మాత్రమే కాదని ఈ రోజు నాలుగుసార్లు చెప్పాను. నాలుగోసారి చెప్పింది మా ఆసుపత్రి డాక్టరుకే. "పేషెంటు శుభ్రంగా మాట్లాడుతున్నాడు కదా, మిమ్మల్నెవరు పిలిచారు?" అన్నాడు. నన్ను పిలిచిన చీటీ మీద సంతకం ఆయనదే. మాట వచ్చే దారీ ముద్ద దిగే దారీ ఒక్క గొంతులోనే ఉన్నాయని, పక్షవాతం వస్తే రెండూ చెడతాయని పదకొండేళ్లుగా చెబుతున్నాను. గోడకు చెప్పినా ఈపాటికి తల ఊపేది.

పన్నెండో మంచం. బస్టాండులో ముప్పై ఏళ్లు మైకు ముందు కూర్చుని బస్సుల వేళలు చెప్పిన మనిషి. వార్డు అప్పుడే మైకుగారని పేరు పెట్టేసింది. పక్షవాతం వచ్చి ఆరు రోజులైంది. కుడి చెయ్యి లేవదు, మూతి కాస్త పక్కకు పోయింది, గొంతు బొంగురు. మనిషి మాత్రం హుషారు. నన్ను చూడగానే "మీరు అరగంట లేటుగా నడుస్తున్నారు" అన్నాడు. నిజమే, లేటే.

మంచం దగ్గర చేసే పరీక్ష చేశాను. నిటారుగా కూర్చోబెట్టి, గొంతు మీద రెండు వేళ్లు ఆనించి, ముందు ఒక చెంచా మామూలు నీళ్లు. తరువాత పొడి కలిపి చిక్కబెట్టిన నీళ్లు. తరువాత మెత్తగా చిదిపిన అరటిపండు. ప్రతి చెంచా తరువాత "ఆ" అని సాగదీయమంటాను. మింగింది ఊపిరి గొట్టంలోకి జారితే మనిషి దగ్గుతాడు, లేదంటే ఆ "ఆ" తడిగా, గరగరమంటూ వస్తుంది. మామూలు నీళ్లకు దగ్గాడు. చిక్కటి వాటికి ఒక్కసారి కూడా దగ్గలేదు.

ఆయన భార్య మధ్యలో దూరుతూనే ఉంది. దిండు సర్దుతుంది, మూతి తుడుస్తుంది, ఆయన్ని అడిగినదానికి తను జవాబు చెబుతుంది. అరటిపండు నాలుగు చెంచాలయ్యాక, "ఆయన గొంతు ఇది కాదు మేడమ్. నీళ్లు పుక్కిట్లో పెట్టుకుని మాట్లాడినట్టుంది" అంది. పక్షవాతంలో గొంతు మారుతుందమ్మా అన్నాను. "మారింది, నాకూ తెలుసు. కానీ పొద్దున ఇలా లేదు" అంది. మీరు రెండు నిమిషాలు నోరు మూసుకుంటే నా పని నేను చేసుకుంటానన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. మూసుకుంది.

చిక్కటి ద్రవాలు, మెత్తటి తిండి మొదలుపెట్టవచ్చు, భార్య చెంచాతో పెట్టవచ్చు అని కేసు షీటులో రాశాను. ఆరు రోజుల తరువాత మొదటి ముద్ద కదా, ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఈ ఉద్యోగంలో అలాంటి ముఖం నెలకు రెండుసార్లు కనిపిస్తే గొప్ప.

5, బుధవారం

చిక్కబెట్టే పొడి అయిపోయింది. ముందే చెప్పానని నేను, చెప్పలేదని స్టోరువాళ్లు. చెప్పిన కాగితం నా దగ్గరుంది. ఆ కాగితం చూపిస్తే, అది పాత ఫారమట, చెల్లదట.

పన్నెండో మంచం అరకప్పు తిన్నాడు. దగ్గు లేదు.

6, గురువారం

ఎక్స్‌రే కింద కూర్చోబెట్టి, మింగుతుంటే తెర మీద చూసే పరీక్షకు నాకు వారానికి ఒక్క పూట ఇచ్చారు. గురువారం పొద్దున. అందులోనూ గంట ఆలస్యంగా తాళం తీస్తారు. ముగ్గురికే టైముంది, జాబితాలో నలుగురున్నారు. ఒక పేరు కొట్టేయాలి. పన్నెండో మంచం కొట్టేశాను. తింటున్నవాణ్ని, దగ్గనివాణ్ని తెర కింద కూర్చోబెట్టి ఏం చూస్తాను?

మధ్యాహ్నం టీచరమ్మ వచ్చింది. ఒకటో తరగతికి చెప్పీ చెప్పీ గొంతులో కాయలు కట్టించుకున్న మనిషి. వారం రోజులు మౌనంగా ఉండమంటే, ఉన్నానని గుసగుసగా చెప్పింది. గుసగుస కూడా మాటేనమ్మా, గొంతుకు ఇంకా చేటు అన్నాను. "అలాగా" అంది, మళ్లీ గుసగుసగానే. తల పట్టుకున్నాను. చేతిలో పలకా బలపం పెట్టి పంపించాను.

7, శుక్రవారం

పొద్దున వార్డుకు వెళ్లేసరికి పన్నెండో మంచం చుట్టూ తెర కట్టి ఉంది. నూట మూడు జ్వరం. ఆక్సిజన్ పెట్టారు. ఊపిరితిత్తుల్లో కుడివైపు కిందంతా నిమ్ము. తిన్నది లోపలికి పోయిందని ఛాతీ డాక్టరు చెప్పి నావైపు చూశాడు. నేను ఆయన వైపు చూడలేదు. మంచం పక్క అల్మారా వైపు చూశాను. అక్కడ ఫ్లాస్కు ఉంది.

మూత తీశాను. టీ. పలచగా, వేడిగా, నీళ్లలాంటి టీ.

"ఇదేమిటి?" అని ఆమెను అడిగాను. తన కోసమంది. ఆయనకు పట్టారా అంటే లేదంది. మళ్లీ అడిగాను. అప్పుడు చెప్పింది. పొద్దున ఆయన వాసన చూసి నోరు తెరిచాడట, మనసొప్పక వేలు ముంచి నాలుకకు రాసిందట. ఒక్కసారే.

నేను ఒంటికాలి మీద లేచాను. ఇరవై మంచాల వార్డు. పేషెంట్లు, వాళ్లవాళ్లు, నర్సులు, ఊడ్చే మనిషితో సహా అందరూ వింటుండగా అన్నాను. "పలచటిది ఒక్క చుక్క పోయినా ప్రమాదమని చెప్పానా లేదా? మీ చేత్తో మీరే ఆయన్ని ఈ స్థితికి తెచ్చారు."

ఆమె ఫ్లాస్కు రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయింది. హెడ్ నర్సు వచ్చి నా భుజం పట్టుకుని పక్కకు తీసుకెళ్లింది.

మేం చెప్పింది చెప్పినట్టు చేస్తే ఇలా ఎందుకవుతుంది? పదకొండేళ్లుగా ఇదే. తలకాయంత అక్షరాలతో 'నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు' అని మంచానికి కడితే, ఆ అట్ట కిందే పళ్లబుట్ట పెడతారు. ప్రేమ పేరు చెప్పి చంపుతారు.

8, శనివారం

ముక్కులోంచి గొట్టం వేశారు. ఇక అందులోంచే పాలూ నీళ్లూ.

ఆయన అక్కగారు దిగింది. పెద్ద మనిషి, పెద్ద గొంతు. వస్తూనే కుర్చీ మంచం దగ్గరకు లాక్కుని కూర్చుంది. వార్డులో ఎవరు చెప్పారో అప్పటికే అంతా తెలుసు. నన్ను ఆపి అడిగింది. "నిజమేనా మేడమ్? మా మరదలు టీ పట్టిందా?"

ఆమే ఒప్పుకుందని చెప్పాను.

"విన్నావుగా" అంది మరదలితో. "ఇక నువ్వు వాడి దాపుకు రావద్దు. నా తమ్ముణ్ని నేను చూసుకుంటాను."

"వదినా, ఒక్కసారే వేలితో..." అని ఆమె ఏదో అనబోయింది. అక్కగారు అటు తిరిగి కూర్చుంది. నాకు వేరే మంచం ఉంది, వచ్చేశాను.

9, ఆదివారం

సెలవు. భోజనాల దగ్గర మా ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని, "నువ్వలా నా గొంతు వంకే చూస్తుంటే దిగట్లేదు. ఇది ఇల్లు, వార్డు కాదు" అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆదివారం పూట కూడా ఈ రుసరుసలేమిటన్నాడు. జరిగింది చెప్పాను. అంతా విని, "వేలితో రాసిన టీకి అంత నిమ్ము చేస్తుందా?" అని అడిగాడు.

గీతలు గీసుకునే డ్రాఫ్ట్స్‌మన్‌కు గొంతుల సంగతి ఎందుకన్నాను. కంచం తీసుకుని హాల్లోకి వెళ్లిపోయాడు.

10, సోమవారం

ఒక్కసారే అంటారు. ఎప్పుడూ ఒక్కసారే అంటారు. ఎవరైనా పదిసార్లు పెట్టామని చెబుతారా?

12, బుధవారం

టీచరమ్మ పలక మీద రాసి చూపించింది. 'మీ గొంతే బాగా లేదు.' నిజమే, శుక్రవారం నుంచి పట్టేసింది. గొంతు జాగ్రత్త గురించి గంట సేపు బొంగురు గొంతుతో పాఠం చెప్పాను. ఆమె మర్యాదస్తురాలు, నవ్వు ఆపుకుంది.

మెట్ల దగ్గర బల్ల మీద పన్నెండో మంచం భార్య కూర్చుని ఉంది. ఐదు రోజులుగా అక్కడేనట. పొద్దున వస్తుంది, సాయంత్రం పోతుంది. వార్డులోకి అడుగు పెట్టదు. నేను దిగుతుంటే లేచి నిలబడింది. ఏమైనా అడుగుతుందనుకున్నాను, అడగలేదు. నేను ఆగలేదు.

14, శుక్రవారం

ఆయనకు జ్వరం దిగింది. ఆక్సిజన్ తీసేశారు. కానీ మాట లేదు. ఆ హుషారు ఏమైందో తెలియదు. నాలుక చాచమంటే చాచడు, "ఆ" అనమంటే అనడు, అటు తిరిగి పడుకుంటాడు. అక్కగారు "చెప్పినట్టు వినరా" అని వార్డు అదిరేలా అంటుంది. ఆయన కళ్లు మూసుకుంటాడు.

మింగే కండరాలు పని లేక పడుకుంటే ఇంకా నీరసిస్తాయి. ఇలాగే ఇంకో రెండు వారాలు గడిస్తే ముక్కు గొట్టం పోయి పొట్టకు గొట్టం వస్తుంది, అది ఇక ఉండిపోతుంది. ఈ మాట అక్కగారికి చెప్పాను. "మీరు చెయ్యాల్సింది మీరు చెయ్యండి" అంది. ఆయన చేస్తే కదా.

గురువారం తెర పరీక్షకు పేరు రాశాను. మొదటి పేరు.

17, సోమవారం

పొడి వచ్చింది. వేరే కంపెనీది, ఉండలు కడుతోంది. దానితో యుద్ధమే సరిపోయింది.

19, బుధవారం

పన్నెండో మంచం భార్య బల్ల మీద అలాగే కూర్చుంది. చిక్కిపోయింది. క్యాంటీనువాడు చెప్పాడు, తింటున్నట్టు కనిపించడం లేదని. ఆయనకు నోట్లోంచి పోనిది నాకెందుకు అందట.

బాధ్యత తెలిసొచ్చినట్టుంది. మంచిదే.

మంచిదే అని ఎందుకు రాశానో తెలియదు. కొట్టేయను, ఉండనీ.

20, గురువారం

పన్నెండో మంచం తెర పరీక్ష. కుర్చీలో కూర్చోబెట్టాం. ఎక్స్‌రేలో కనిపించే మందు కలిపి, ఆ రోజు ఎంత చిక్కగా పెట్టానో అంతే చిక్కగా చేశాను. చెంచా నేనే పెట్టాను. తెర మీద నల్లటి ముద్ద నాలుక మీద నుంచి వెనక్కి జారింది, గొంతులో ఒక్క క్షణం ఆగింది. మింగాడు. సగం అన్నవాహికలోకి పోయింది. మిగతా సగం కాస్త ఆగి, తీరిగ్గా, స్వరపేటిక మీదుగా ఊపిరి గొట్టంలోకి దిగింది.

దగ్గు రాలేదు.

"దగ్గట్లేదేమిటండీ?" అని ఎక్స్‌రే టెక్నీషియన్ అడిగాడు. ఆయన మాత్రం బాగానే మింగానా అన్నట్టు నా ముఖంలోకి చూశాడు. "ఆ" అనమన్నాను, బతిమాలితే అన్నాడు. బొంగురు గొంతు అడుగున తడి. విని తీరాలనుకుంటే వినపడుతుంది.

కొందరికి ఊపిరి గొట్టానికి స్పర్శ పోతుంది. ఏం పడినా తెలియదు, దగ్గు రాదు. మా చదువులో రెండో ఏడు మొదటి పాఠం. దగ్గు లేనంత మాత్రాన భద్రమని నమ్మవద్దని ప్రతి ఏడూ కొత్త నర్సులకు చెప్పేది నేనే.

తల కుడి భుజం వైపు, అంటే చచ్చుబడిన వైపు తిప్పించి, అరచెంచా పెట్టి చూశాను. అప్పుడు సరిగ్గా పోయింది. మూడుసార్లు పెడితే మూడుసార్లూ సరిగ్గా పోయింది. దారి ఉంది. తల తిప్పించి, అరచెంచా చొప్పున, ప్రతి ముద్దకూ గొంతు వింటూ, తడి వినిపిస్తే ఆపి దగ్గించే మనిషి కావాలి. మూడు పూటలా, నెలల తరబడి.

రెండు వారాలు మంచాన పడి ఉన్నాడు, జ్వరంతో నీరసించాడు. ఈ స్పర్శ పోవడం ఇప్పుడు వచ్చిందే అయి ఉంటుంది. నాలుగో తారీఖున లేకపోయి ఉండవచ్చు.

21, శుక్రవారం

ఉండవచ్చు.

22, శనివారం

నర్సుల జ్వరం చార్టు చూశాను. ఇన్నాళ్లూ ఎందుకు చూడలేదంటే, చూడాల్సిన పని లేదని. అది అబద్ధం. చూడకూడదనే చూడలేదు.

నాలుగో తారీఖు సాయంత్రం నేను రాసిన మెత్తటి తిండి మొదలు. ఐదు మధ్యాహ్నం తొంభై తొమ్మిదిన్నర. ఆరు పొద్దున నూరు. ఆరు రాత్రి నూట ఒకటి. ఫ్లాస్కు ఏడు పొద్దున వచ్చింది.

ఇంటికొచ్చి ఈ డైరీలో నాలుగో తారీఖు తీసి చదివాను. నీళ్లు పుక్కిట్లో పెట్టుకుని మాట్లాడినట్టుందని ఆమె చెప్పింది. పొద్దున ఇలా లేదని చెప్పింది. నేను చేస్తున్న పరీక్షకు జవాబు ఆమె పక్కన నిలబడి తెలుగులో చెప్పింది. నోరు మూసుకోమన్నాను. పైగా ఆ సంగతి ఏదో గొప్ప పని చేసినట్టు రాసుకున్నాను. తెర పరీక్ష జాబితాలో పేరు కొట్టేసిందీ నేనే.

సిగ్గేసింది. ఇంకా చాలా అయింది, రాయడం చేతకావడం లేదు.

23, ఆదివారం

మా ఆయనకు చెప్పాను. రెట్టించి పొడుస్తాడనుకున్నాను. పొడవలేదు. "ఆమెకు చెప్పావా?" అన్నాడు.

రేపు అన్నాను. కేసు షీటులో సరిదిద్ది రాస్తే సరిపోతుందేమో, ఆయన బతికాడు కదా, పాత సంగతులు తవ్వితే ఆమెకే బాధ కదా అన్నాను. ఒకదాని వెనుక ఒకటి చాలానే అన్నాను. అతను అన్నీ విని, "బాగున్నాయి" అని లేచి బట్టలు ఆరేయడానికి వెళ్లాడు. ఒళ్లు మండింది. అతని మీద కాదు.

24, సోమవారం

మెట్ల దగ్గరి బల్ల మీద నుంచి ఆమెను నా గదికి పిలిచాను. తలుపు వేశాను. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుంది.

చుట్టూ తిప్పకుండా చెప్పాను. టీ వల్ల కాదని, అంతకు ముందు రెండు రోజుల నుంచే జ్వరం మొదలైందని, నేను పెట్టమన్న మెత్తటి తిండే దగ్గు లేకుండా లోపలికి పోయిందని, పరీక్షలో నేను పొరబడ్డానని.

ఆమె, "అంటే నేను పెట్టిన ప్రతి చెంచా ఊపిరితిత్తుల్లోకి పోయిందా?" అంది.

"నేను పెట్టమన్న ప్రతి చెంచా" అన్నాను.

"చెయ్యి నాదే కదా మేడమ్. గొంతు తేడాగా ఉందని తెలుస్తూనే ఉంది. మీరు చదువుకున్నవాళ్లు, మీకు తెలియదా అనుకుని పెట్టాను. ఇంకో చెంచా, ఇంకో చెంచా అని బతిమాలి పెట్టాను." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. "ఆ ఫ్లాస్కు ఎందుకు తెప్పించుకున్నానో తెలుసా మీకు? రాత్రంతా ఒళ్లు కాలిపోతోంది ఆయనకు. టీకి కిందికి దిగితే ఈలోపు ఏమవుతుందోనని దిగలేదు."

"ఆ రోజే ఈ మాట చెప్పి ఉంటే..." అన్నాను. నోరు జారింది.

"చెప్పనిచ్చారా?"

క్షమించమన్నాను. ఆమె తలుపు వైపు చూసింది.

"ఆ రోజు పదిమందిలో అన్నారు. ఈ రోజు తలుపేసి చెబుతున్నారు" అంది. లేచి, తలుపు తీసుకుని, మళ్లీ బల్ల మీదకే వెళ్లింది.

25, మంగళవారం

పొద్దున పదకొండింటికి వార్డు నిండుగా ఉంటుంది. చూడవచ్చేవాళ్ల సమయం. ముందు హెడ్ నర్సుకు చెప్పాను. "అవసరమా? రాతలో పెట్టండి చాలు, ఇవన్నీ మన మీదకే వస్తాయి" అంది. ఆమెనూ తప్పు పట్టలేను. బల్ల దగ్గరకు వెళ్లి, ఒక్కసారి లోపలికి రండమ్మా అని పిలిచాను. మా వదిన ఊరుకోదంది. రండన్నాను. గుమ్మం దాకా వచ్చి ఆగింది.

పన్నెండో మంచం దగ్గర నిలబడి, అందరికీ వినపడేలా చెప్పాను. నా గొంతు ఇంకా బాగుపడలేదు, మధ్యలో రెండుసార్లు పట్టేసింది.

"ఏడో తారీఖున ఇక్కడే నిలబడి ఈయన భార్యను ఒక మాట అన్నాను. అది తప్పు. ఈయనకు జబ్బు చేసింది ఆమె వల్ల కాదు. తినవచ్చని రాసింది నేను. పరీక్షలో పొరబడింది నేను. గొంతు తేడాగా ఉందని ఆమె ఆ రోజే చెప్పింది, నేను వినలేదు."

వార్డులో ఎవరి పళ్లెమో కింద పడింది. ఎవరూ తీయలేదు. అక్కగారు కుర్చీలోంచి లేచింది. "అంటే నా తమ్ముణ్ని చంపబోయింది మీరా? పైగా మా ఇంటి మనిషి మీదకు నెట్టారా? ఆవిణ్ని ఇన్ని రోజులు మెట్ల మీద కూర్చోబెట్టించారా?" కూర్చోబెట్టింది నేనొక్కదాన్నే కాదని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

అవునన్నాను.

మైకుగారు ఈ పద్దెనిమిది రోజుల్లో మొదటిసారి మాట్లాడాడు. నా వైపు చూడలేదు, అక్కగారి వైపూ చూడలేదు. గుమ్మం వైపు చూస్తూ, "ఇదిగో, ఎక్కడికి పోయావు?" అన్నాడు. బొంగురుగా, వార్డు చివరి దాకా వినపడేలా అన్నాడు. ఆమె చెప్పులు గుమ్మం దగ్గరే వదిలేసి లోపలికి వచ్చింది. అక్కగారు కుర్చీ ఖాళీ చేసింది కానీ, నామీద నుంచి చూపు తిప్పలేదు.

26, బుధవారం

సూపరింటెండెంటు పిలిచారు. బల్ల మీద ఫిర్యాదు. అక్కగారు ఎవరితోనో రాయించింది, మూడు పేజీలు, అందులో ఒక్క అబద్ధం లేదు. చివర సంతకం భార్యది.

విచారణ ఉంటుందన్నారు. అప్పటిదాకా నా ప్రతి పరీక్షా ఇంకొకరు సరిచూడాలి. సరేనన్నాను. బయటికి వచ్చాక కోపం వచ్చింది. పదిమందిలో ఒప్పుకున్నాను కదా, ఇంకా ఏం కావాలి ఆమెకు అనిపించింది. అనిపించకూడదు, కానీ అనిపించింది. మధ్యాహ్నం టీచరమ్మకు గొంతు వ్యాయామం చేయించాను. ఇప్పుడు మాట్లాడవచ్చన్నా ఆమె భయపడి మాట్లాడటం లేదు. ఆమె మీద కూడా విసుక్కున్నాను.

నాలుగింటికి పన్నెండో మంచం భార్య నా గదికి వచ్చింది. తలుపు వేయబోతే, తీసే ఉంచమంది.

"సంతకం పెట్టాను మేడమ్."

"చూశాను."

"మా వదిన పెట్టమంటే పెట్టలేదు. చదివించుకుని పెట్టాను. రేపు ఇంకొకరి విషయంలో ఇలా జరగకూడదు కదా."

"పెట్టాల్సిందే" అన్నాను. అనడం కష్టమైంది.

వెళుతుందనుకున్నాను. వెళ్లలేదు. గుమ్మంలోనే నిలబడి, "అది వేరే, ఇది వేరే. తల ఒక పక్కకు తిప్పించి పెడితే దిగుతుందట కదా, నర్సు చెప్పింది. అదెలాగో నాకు నేర్పండి. రేపు ఎన్నింటికి రమ్మంటారు?" అంది.

మూడింటికి అన్నాను.

27, గురువారం

రెండున్నరకే వచ్చి కూర్చుంది. పక్కన సరిచూడటానికి వచ్చిన డాక్టరు, కాస్త దూరంగా అక్కగారు. తల ఎంత తిప్పించాలో, చెంచా ఎంత నింపాలో, ఎటువైపు నుంచి పెట్టాలో చూపించాను. మొదటి చెంచా నేను పెట్టాను. రెండోది ఆమె. ప్రతిసారీ ఆయన "ఆ" అన్నాడు, ఇద్దరం విన్నాం. మూడోది నా వంతు. పెట్టాను, మింగాడు, "ఆ" అన్నాడు. బాగానే ఉందనిపించి నాలుగో చెంచా నింపుతున్నాను.

ఆగమన్నట్టు ఆమె చెయ్యి ఎత్తింది.

నాకు తడేమీ వినపడలేదు. చెంచా కింద పెట్టేశాను.